చప్పుడు లేని కోలాటం

మా బడి సంగీతం టీచరు గారు నన్ను మొదటిసారి అవమానించింది ఒక మంగళవారం, మూడో పీరియడ్‌లో, ఐదో తరగతి పిల్లలందరూ చూస్తుండగా. నేను ఆవరణలో వాళ్ళను వరసల్లో నిలబెట్టి విజిల్ ఊదుతూ నేల అదిరేలా కవాతు చేయిస్తున్నాను. ఆవిడ హాలు కిటికీలోంచి తల బయటపెట్టి, "ఏమమ్మాయ్, నువ్వు తోలేది పిల్లల్నా గేదెల్నా?" అన్నారు. పిల్లలు పడి పడి నవ్వారు. మా ఇంట్లో నిజంగానే గేదెలుండేవి. చిన్నప్పుడు వాటిని కాలవకు తోలింది నేనే. ఆ సంగతి ఆవిడకు తెలియదు. తెలియక అన్నా, తగలవలసిన చోటే తగిలింది. ఆవిడ కిటికీ రెక్కలు దభాలున మూసిన తీరు ఇప్పటికీ నా కళ్ళముందుంది.

అవి డెబ్బైల నాటి రోజులు. విజయవాడలో ఏలూరు కాలవ గట్టుకు దగ్గరగా ఉన్న ఒక ఎయిడెడ్ ప్రాథమిక పాఠశాలలో నేను డ్రిల్లు టీచరుగా చేరి అప్పటికి ఏడాది. నాకు ఇరవై మూడేళ్ళు. పామర్రు అవతల మాది రైతు కుటుంబం. ఆడపిల్లను వ్యాయామ శిక్షణకు పంపుతున్నామంటే మా మేనమామ, "పరుగెత్తడానికి కూడా సర్టిఫికెట్టు కావాలా? కుక్కను విప్పితే సరిపోదూ?" అన్నాడు. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. ఆ మాట మాత్రం పోలేదు.

సంగీతం టీచరు గారు యాభై దాటిన మనిషి. క్రైస్తవులు. పెళ్ళి చేసుకోలేదు, మొగల్రాజపురంలో చెల్లెలి కుటుంబంతో ఉండేవారు. ఆదివారాలు చర్చిలో హార్మోనియం వాయించేవారు, మిగతా రోజులు మా బడి హాల్లో. ఇరవై ఏళ్ళకు పైగా అక్కడే పనిచేస్తున్నారు కాబట్టి నేనూ పిల్లల్లో ఒకదాన్నే అన్నట్టు "నువ్వు" అనేవారు. అది ఒకటి. పొద్దున్నే వెనకనుంచి వెళ్ళి "నమస్కారమండీ" అంటే పలికేవారు కారు. అది రెండు. ఒకటి అడిగితే ఇంకోదానికి జవాబు చెప్పేవారు. సుద్దముక్కలున్నాయా అంటే బుధవారం అనేవారు. అది మూడు. నేను మాట్లాడుతున్నంతసేపూ నా పళ్ళు ఎత్తా కాదా అని తేల్చుకుంటున్నట్టు నా నోటివైపే చూసేవారు. అది నాలుగు. ఇలాంటివి నేనెక్కడా రాసి పెట్టుకోను. వాటంతటవే ఉంటాయి.

కిటికీ సంగతి జరిగిన రోజే అర్జీ రాశాను. అర్జీలు రాయడం నాకు చిన్నప్పటి అలవాటు. మా పొలం కాలవ శివారున ఉండేది. ఎగువవాళ్ళు నీళ్ళు మళ్ళించుకుంటే మా మడికి చుక్క వచ్చేది కాదు. ఇరిగేషన్ ఆఫీసుకు మా నాన్న పెట్టుకున్న అర్జీలన్నీ ఆరో తరగతి నుంచీ నా చేతిరాతే. "మా అమ్మాయి రాస్తే ఇంజనీరు గారికి జ్వరం రావాల్సిందే" అని ఆయన మురిసిపోయేవాడు. అదే ధోరణిలో మా కరస్పాండెంటు గారికి, అంటే కమిటీ తరఫున బడి వ్యవహారాలు చూసే పెద్దాయనకు, రెండు పేజీలు రాసి ఇచ్చాను. డ్రిల్లూ సంగీతమూ పక్కపక్కనే జరగడం వల్ల ఒకరి పని మరొకరికి అడ్డమవుతోందనీ, తమరు కలగజేసుకుని తగిన ఏర్పాటు చేయాలనీ దాని సారాంశం.

ఆయనది ఉయ్యూరు వైపు వ్యవసాయ కుటుంబం. ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డు పెట్టి పైకొచ్చారు. ఎక్కడైనా రెండు ముక్కలు విడివిడిగా కనిపిస్తే బోల్టు వేసి బిగించేదాకా నిద్రపట్టని మనిషి. మమ్మల్నిద్దరినీ ఆఫీసు గదికి పిలిపించి నా అర్జీ ఎదురుగా పెట్టుకున్నారు.

"అమ్మాయ్, చక్కగా రాశావు. ఒకదానికొకటి అడ్డమంటున్నావు. అడ్డమైతే కలిపేద్దాం. పాటా డ్రిల్లూ ఇక నుంచి ఒకటే పీరియడ్. పిల్లలు పాడతా ఎగురుతారు, ఎగురుతా పాడతారు. ఏవంటారు టీచరు గారూ?"

సంగీతం టీచరు గారు ఆయన నోటివైపు చూసి, "మీ ఇష్టమండీ" అన్నారు.

"పీరియడ్ ఒకటయ్యాక టీచర్లు ఇద్దరెందుకనేది తర్వాతి మాట," అన్నారాయన కళ్ళజోడు తుడుచుకుంటూ. "మీ రెండు పోస్టులూ కమిటీ సొంత డబ్బుతో నడిపేవి. ఒకటి చాలని కమిటీలో ఎప్పటినుంచో అంటున్నారు. ఫిబ్రవరిలో వార్షికోత్సవం ఉందిగా, పిల్లల చేత కోలాటం ఆడించండి. అందులో పాటా ఉంది, వ్యాయామమూ ఉంది. అది చూశాక, జూన్ నుంచి ఇద్దరిలో ఎవరుండాలో చెబుతాను."

బయటికొచ్చాక ఆవిడ నాతో ఒకే మాట అన్నారు. "నీ అర్జీ బాగా పనిచేసిందమ్మాయ్."

ఇందులో నా తప్పు లేదని చాలా రోజులు నాలో నేను వాదించుకున్నాను. శివారు మడికి నీళ్ళడిగితే కాలవనే పూడ్చేస్తారని ఎవరనుకుంటారు?

కలిపిన పీరియడ్లు మొదటి వారమంతా గందరగోళం. నేను "ఒకటీ, రెండూ, మూడూ, నాలుగూ" అని లెక్కపెడితే ఆవిడ పాట మూడుకే తిరిగేది. పిల్లలు నా లెక్కకు కాలెత్తి ఆవిడ పాటకు దించేవాళ్ళు. నాలుగో తరగతి పిల్ల ఒకతె తన కాలు తనే తొక్కుకుని ఏడ్చింది.

"నీ నాలుగు నా మూడులో పట్టవమ్మాయ్," అన్నారావిడ హార్మోనియం ఆపి.

"మీ మూడే నా నాలుగులోకి రావచ్చు కదండీ."

"పాట ఎక్కడైనా కాళ్ళ వెంట పోతుందా?"

"మా ఊళ్ళో పోతుందండీ."

కోపంతో అన్న మాట అది. అన్నాక ఆలోచిస్తే నిజమేననిపించింది. నాట్ల రోజుల్లో మా అమ్మా, తోటి ఆడవాళ్ళూ వంగి వెనక్కి నడుస్తూ నాటేవారు. చరణం చివరికి వచ్చేసరికి అందరి కాళ్ళూ ఒక్కసారే బురదలోంచి లేచి వెనక్కి పడేవి. ఎవరూ లెక్కపెట్టేవారు కారు. పాట ఊపిరి తీసుకునే చోట కాలు కదిలేది. నేను విజిల్ మెడలోంచి తీసేసి, కుచ్చిళ్ళు ఎగదోపి, హాలు మధ్యలో వంగి నిలబడి, అమ్మ పాడే తీరులో రెండు ముక్కలు పాడుతూ వెనక్కి నడిచి చూపించాను.

కాలవకు నీళ్ళొచ్చె, అక్కల్లారా,
గట్టెక్కి రారండి, అక్కల్లారా.

నా గొంతు సంగతి నాకు తెలుసు. పిల్లలు నవ్వు ఆపుకోలేక నోళ్ళకు చేతులు అడ్డం పెట్టుకున్నారు. ఆవిడ నవ్వలేదు. లేచి వచ్చి నా కాళ్ళవైపే చూస్తూ, "మళ్ళీ నడువు" అన్నారు. మళ్ళీ పాడమనలేదు, అదీ గమనించాను. మూడు రోజుల్లో ఆ రెండు ముక్కలకూ బాణీ కట్టి, ఇంకో నాలుగు చరణాలు చేర్చి తెచ్చారు. అందులో మా అమ్మ నడక ఉంది, ఆవిడ చర్చి పాటల నెమ్మది ఉంది. పిల్లలు మొదటిసారి ఆ పాటకు అడుగు వేసిన రోజు ఒక్కరి కాలు కూడా తప్పలేదు. బాగుందని నేను చెప్పలేదు. ఆవిడా అడగలేదు.

కోలాటం కర్రల పని కరస్పాండెంటు గారే పెట్టుకున్నారు. కొండపల్లిలో బొమ్మలు చేసే ఒకాయన ఆయనకు తెలుసు. చిన్నపిల్లలవి, తేలిగ్గా ఉండాలి, అందంగా ఉండాలి అని చెప్పి వచ్చారు. జనవరిలో గోనె సంచిలో ఎనభై కర్రలు బస్సు మీద దిగాయి. విప్పగానే హాలంతా కళకళలాడింది. ఎర్రవి, పసుపువి, ఆకుపచ్చవి. ఒక్కో కర్ర కొసన చిలక ముక్కు, ఒంటినిండా తెల్ల చుక్కలు. పిల్లలు వాటిని బుగ్గలకు ఆనించుకున్నారు. వరసలు కట్టించి, "కొట్టండి" అన్నాను. నలభై మంది ఒక్కసారి కొట్టారు. చప్పుడు లేదు.

బొత్తిగా లేదని కాదు. దూది మూట మీద దూది మూట పడ్డంత ఉంది. కొండపల్లిలో బొమ్మలు చేసేది పొణికి కర్రతో. బెండులా తేలిక. ఏనుగు బొమ్మనైనా పసిపిల్ల ఒక చేత్తో ఎత్తాలి కదా. ఆ కర్రతో కోలాటమేమిటి? మా పెద్ద టీచరమ్మ గుమ్మంలో నిలబడి నెత్తి కొట్టుకున్నారు. నేను సంగీతం టీచరు గారివైపు చూశాను. ఆవిడ హార్మోనియం వెనక కూర్చుని, లేచి పడుతున్న రంగు కర్రలనే చూస్తూ తల ఊపుతూ, "బాగుంది. అందరిదీ ఒక్కసారే మోగుతోంది" అన్నారు.

నన్ను ఎత్తిపొడిచారనుకున్నాను. ఇంకేమనుకోను? ఆ మాటను రెండు రోజులు కడుపులో పెట్టుకుని, శనివారం మధ్యాహ్నం పది కర్రలు చంకన పెట్టుకుని ప్యాసింజరు రైల్లో కొండపల్లి వెళ్ళాను. బొమ్మలాయన వీధరుగు మీద కూర్చుని ఒక బొమ్మ తలపాగాకు రంగు వేస్తున్నాడు.

"ఇవి మోగట్లేదయ్యా."

"మోగాలని చెప్పలేదు గదమ్మా."

"కోలాటం కర్రలు మోగకపోతే ఇంక దేనికి?"

"తేలిగ్గా ఉండాలన్నారు, ఉన్నాయా లేదా? పిల్లలకి దెబ్బ తగలకూడదన్నారు, తగుల్తందా?" ఒక కర్ర తీసుకుని తన మోకాలి మీదే నాలుగు బాది చూపించాడు. "మోత కావాలంటే వడ్రంగి దగ్గరికి పోవాలమ్మా. మా దగ్గరికొస్తే బొమ్మే వస్తది."

"మరి ఈ చిలక ముక్కులు ఎవరడిగారు?"

"ఎవరూ అడగలా. ఉత్త కర్ర ఇవ్వడానికి చెయ్యి రాలేదు."

కర్రలు మళ్ళీ చంకన పెట్టుకున్నాను. జవాబు దొరకనప్పుడు వచ్చే కోపంతో తిరిగొచ్చాను. వడ్రంగి చేత వేరే కర్రలు చేయిద్దామంటే కరస్పాండెంటు గారు ఒప్పుకోలేదు. ముఖ్య అతిథికి దూరం నుంచి రంగులు కనబడాలట.

అయితే రైల్లో ఒక అనుమానం పుట్టింది. ఎత్తిపొడిచే మనిషి పెదవి చివర ఎక్కడో నవ్వు ఉంటుంది. ఆ విద్య నాకూ వచ్చు. ఆవిడ ముఖంలో అది లేదు. సోమవారం ఆవిడ వెనక్కి తిరిగి నల్లబల్ల మీద పాట రాస్తుండగా హాలు గుమ్మంలో నిలబడి విజిల్ మెల్లగా ఊదాను. తర్వాత బుగ్గలు నొప్పిపుట్టేలా ఊదాను. పిల్లలు చెవులు మూసుకున్నారు. ఆవిడ సుద్దముక్క ఆగలేదు. అంతలో ముందు బెంచీ పిల్లవాడి పలక జారి, నల్లబల్ల ముందు ఆవిడ నిలబడ్డ వెడల్పాటి చెక్క మెట్టు మీద పడింది. కాళ్ళ కింద చెక్క అదిరేసరికి ఆవిడ టక్కున వెనక్కి తిరిగారు.

నేను విజిల్ వీపు వెనక దాచుకున్నాను.

పలకని నమస్కారాలు, సుద్దముక్కలకు బుధవారం జవాబు, నా నోటివైపు చూపు, చప్పుడు లేని కర్రలకు మెచ్చుకోలు. ఏడాదిగా నేను జాగ్రత్తగా పోగుచేసుకున్న అవమానాల్లో సగానికి పైగా ఆ నిమిషంలో చెల్లకుండా పోయాయి. జాలి కలగాలి. నాకు ముందు కలిగింది కోపమే. ఇన్నాళ్ళూ నన్ను ఉత్తపుణ్యానికి బాధపడనిచ్చారే అని.

ఆ సాయంత్రం అర్జీ మొదలుపెట్టాను. సంగీతం చెప్పవలసిన వ్యక్తికి వినికిడి లేకపోవడం పిల్లలకు అన్యాయమనీ, తమరు విచారించి న్యాయం చేయాలనీ. అందులో అబద్ధం లేదు. అది ఇచ్చిన రోజే జూన్ సంగతి తేలిపోతుంది, నేనుంటాను. ఆవిడ ఇరవై ఏళ్ళుగా ఉన్న హాల్లోంచి వెళ్ళిపోతారు. కానీ అర్జీలో సాక్ష్యం ఉండాలి. తూము ఎన్ని గంటలు మూశారో రాయకుండా ఇంజనీరు గారికి ఏ అర్జీ పెట్టలేదు నేను. ఆవిడ పాఠం చెడిందనడానికి ఒక్క ఉదాహరణ దొరికితే చేర్చి ఇద్దామని మర్నాడు హాల్లో వెనక బెంచీ మీద కూర్చున్నాను.

ఆవిడ రెండో తరగతికి పాట చెబుతున్నారు. పాడుతున్న పిల్లల మధ్య నడుస్తూ ఒక్కొక్కరి నోటి దగ్గరికి వంగుతున్నారు, కళ్ళు గొంతు మీద, చెయ్యి భుజం మీద. మూడో వరసలో ఒక పిల్ల శృతి జారుతోంది. అది నాకే తెలిసిందంటే ఎంత జారిందో చూడండి. ఆవిడ ముగ్గురిని దాటి సరిగ్గా ఆ పిల్ల దగ్గరే ఆగారు. గడ్డం పట్టుకుని కొద్దిగా పైకెత్తి, "ఇంకొంచెం పైకి రా తల్లీ, నిన్నెవరూ కొట్టరు" అన్నారు. పిల్ల పైకి వచ్చింది. మూడు రోజులు అలా కూర్చున్నాను. సాక్ష్యం దొరకలేదు. సాక్ష్యం లేని అర్జీ పెట్టడం నాకు చేతకాదు. కాగితం పారేయడం ఎందుకని వెనకవైపు కోలాటం అడుగులు రాసుకున్నాను.

అప్పటినుంచి అడుగులు మార్చాను. కర్రలకు చప్పుడు లేదు కాబట్టి కాళ్ళతో మోగించాలని పిల్లలకు చెప్పాను. పాట ఊపిరి తీసుకునే ప్రతిచోటా పాదం గట్టిగా పడాలి. చెప్పులుండకూడదు. ముందు వరస పిల్లలు చెక్క మెట్టు మీదే ఆడాలి. హార్మోనియం కూడా ఆ మెట్టు మీదికి ఎక్కించాను. నేల మీద చెమ్మ అని కారణం చెప్పాను. కర్రలు కలిసినప్పుడు నాలుకతో "టక్" అనడం మాత్రం నా ఆలోచన కాదు, పిల్లలదే. మోగని కర్రలను చూసి వాళ్ళకే జాలేసింది కాబోలు. నలభై నాలుకలు టక్కుమంటుంటే, నలభై పాదాలు పడుతుంటే, చెప్పులు విడిచి కూర్చున్న ఆవిడ వేళ్ళు హార్మోనియం మీద ఒక్కసారి కూడా వెనకబడలేదు. ముందు నెలలో పాట ఎప్పుడైనా కాస్త తడబడేది. ఇప్పుడు అది లేదు.

"ఈమధ్య నీ పిల్లలు మరీ గట్టిగా తొక్కుతున్నారు," అన్నారొక రోజు.

"గేదెలు కదండీ," అన్నాను, ముఖం ఎదురుగా పెట్టి, పెదవులు విడదీసి.

ఆవిడ హార్మోనియం మూత తుడుచుకున్నారు.

వార్షికోత్సవానికి వేదిక కరస్పాండెంటు గారి షెడ్డు నుంచి వచ్చింది. ఖాళీ డ్రమ్ముల మీద లారీ బాడీలకు వాడే చెక్క పలకలు పరిచి బిగించారు. నేను ఎక్కి నడిచి చూశాను. మడమ ఆనిస్తే చాలు, ఆ చివరిదాకా పలుకుతోంది. సంతోషంతో కిందికి దిగి చూద్దును కదా, వేదిక పక్కన నేల మీద తివాచీ, దాని మీద జరీ గుడ్డ కప్పిన కుర్చీ, బల్ల మీద హార్మోనియం, మైకు. కరస్పాండెంటు గారు స్వయంగా నిలబడి సర్దిస్తున్నారు.

"సంగీతం టీచరు గారికి," అన్నారు. "ఇన్నేళ్ళ సర్వీసు ఆవిడది. పిల్లల కాళ్ళ దుమ్ములో కూర్చోబెడితే ఏం బాగుంటుంది?"

నేల మీద ఆవిడకు పిల్లల పాదాలు అందవు. రెండు చరణాలు తిరిగేసరికి పాట ఒకచోట, కాళ్ళు ఒకచోట ఉంటాయి, ఊరంతా చూస్తుండగా. ఆవిడ కుర్చీ పక్కనే నిలబడి ఉన్నారు. చేతిలో రుమాలు మెలిపెడుతున్నారు.

"ఆవిడ వేదిక మీదే కూర్చోవాలండీ," అన్నాను.

"ఎందుకూ?"

ఎందుకో చెప్పకూడదు. నాకు చేతనైనది ఒకటే ఉంది, అది వాడాను. "ఆవిడకు జరీ గుడ్డ కుర్చీ, నాకేమో వేదిక వెనక చాటా? రెండు నెలలు ఇద్దరం కలిసి నేర్పాం. ఆవిడొక్కరికి మర్యాద చేస్తే నాకు అవమానం. ఆవిడ పైకొచ్చి పిల్లల పక్కన మామూలుగా కూర్చుంటే సరే. లేకపోతే నా పిల్లలు ఆడరు."

ఆయన నన్ను ఎగాదిగా చూశారు. అతిథులు వచ్చేస్తున్నారు. "ప్రతిదానికీ అవమానమేనా నీకు? ముసలావిడ కూర్చునే కుర్చీ మీద కూడా కుళ్ళేనా?" అని అందరి ముందూ కేకలేశారు. మా పెద్ద టీచరమ్మ ఛీ అన్నట్టు ముఖం తిప్పుకున్నారు. నేను కదల్లేదు. చివరికి ఆయన విసుక్కుని, "మోయండ్రా, పైకి మోయండి" అని హార్మోనియం ఎక్కించారు. ఆవిడ మెట్లెక్కుతూ నా పక్కన ఒక్క క్షణం ఆగి, చెప్పులు విడిచి నా కాళ్ళ దగ్గర పెట్టి వెళ్ళారు.

కోలాటం ఎలా జరిగిందని అడిగితే నేను చెప్పలేను. ఆవిడ పాదాలు తప్ప నేనేమీ చూడలేదు. పలకల మీద పరిచినట్టున్న ఆ పాదాల్లో, పిల్లలు అడుగు వేసినప్పుడల్లా బొటనవేలు కొద్దిగా లేచేది. ఆరు చరణాలూ లేచింది. చప్పట్లు మొదలయ్యాక పాట అయిపోయిందని తెలిసింది నాకు.

సోమవారం ఆఫీసు గదిలో కరస్పాండెంటు గారు సంతోషంగానే ఉన్నారు. ముఖ్య అతిథి రంగు కర్రలు బాగా మెచ్చుకున్నారట. "ఇద్దర్లో ఒకర్ని వదులుకోవడం కష్టంగానే ఉంది. అయినా చెప్పక తప్పదు. సర్వీసు చూస్తే టీచరు గారిది" అని మొదలుపెట్టారు.

"నేనొకటి చెప్పాలండీ," అన్నారు సంగీతం టీచరు గారు. "నాకు చెవులు వినపడటం లేదు. మూడేళ్ళుగా తగ్గిపోతూ వస్తోంది. కోలాటం నడిపింది ఈ అమ్మాయి. పిల్లల కాళ్ళతో నాకు తాళం అందించింది. ఉండవలసింది తనే."

ఆయన నావైపు తిరిగారు. "నీకు తెలుసా?"

"తెలుసండీ."

"చీమ కుట్టినా అర్జీ పెట్టేదానివి, దీనికెందుకు పెట్టలేదు?"

"సాక్ష్యం లేదండీ."

బయట వరండాలో ఆవిడను నిలదీశాను. ఎవరడిగారండీ మిమ్మల్ని, అన్నాను. నెల రోజులు నేను కొంగున ముడేసి దాచుకు తిరిగితే మీరు రెండు ముక్కల్లో విప్పి పారేస్తారా, ఆ కుర్చీ దగ్గర అందరి చేతా కుళ్ళుబోతుదాన్ననిపించుకున్నది దేనికి, ఊరికేనా, అన్నాను. ఆవిడ నా నోటివైపు చూస్తూ, "నెమ్మదిగా తిట్టు. సగం అందడం లేదు" అన్నారు.

నాకు ఏడుపొచ్చింది. ఏడుస్తుంటే ఎవరి పెదవులూ చదవడానికి రావు.

"నీకు తెలిసిపోయిందని హార్మోనియం మెట్టెక్కించిన రోజే తెలిసింది నాకు," అన్నారు తర్వాత. "నేల మీద చెమ్మేంటే, జనవరిలో? రోజూ ఎదురుచూశాను, ఇవాళ చెబుతుంది, రేపు చెబుతుంది అని. నువ్వు చెప్పవని కుర్చీ దగ్గరే నమ్మకం కుదిరింది."

"నమ్మకం కుదిరితే మీరూ ఊరుకోవచ్చు కదా!"

"ఇప్పుడైతే దగ్గరికి వంగితే పిల్లల గొంతు ఇంకా అందుతోందే. వచ్చే ఏడాది అందదు. అప్పుడు శృతి తప్పిన పిల్ల పక్కనుంచి తెలియకుండా నడిచిపోతాను. అది జరక్కముందే పోవాలి నేను."

జూన్ నుంచి పాట, డ్రిల్లు రెండూ నావేనని కమిటీ నుంచి కాగితం వచ్చింది. సంతకం పెట్టి ఇమ్మన్నారు. పెట్టలేదు. వారం రోజులు సంచిలో వేసుకు తిరిగి, ఆదివారం మధ్యాహ్నం ఆవిడ చర్చి నుంచి వచ్చే వేళకు మొగల్రాజపురం వెళ్ళి, వాళ్ళింట్లో బల్ల మీద కాగితం పడేశాను.

"నాకు సంగీతం రాదు. నేను ఒప్పుకోను."

"నీకు రాదని నాకు తెలియదా? పిల్లలకు వస్తుంది. నువ్వు అడ్డం పడకుండా ఉంటే చాలు." ఆవిడ నన్ను అటు తిప్పి నిలబెట్టి, నా వీపు మీద అరచెయ్యి ఆనించారు. "పాడు."

"మీకు వినపడదు కదండీ" అన్నాను గోడవైపు. వీపు వెనక ఆవిడకు ఆ మాట అందలేదు. చెయ్యి మాత్రం అక్కడే ఉంది. వెచ్చగా. పాడాను, ఏం చేయను? రెండు ముక్కలు అవగానే చెయ్యి చరిచింది. మళ్ళీ పాడాను, మళ్ళీ చరిచింది. ఆవిడ చెల్లెలు వంటింట్లోంచి తొంగి చూసి, "అక్కా, ఆ పిల్ల అన్నం తిన్నదో లేదో!" అంది. తినలేదు నేను. ఎవరూ అడగలేదు కూడా. నాలుగు గంటలకు ఒక్కసారి చెయ్యి చరవకుండా ఊరుకుంది. నేను ఆగిపోయాను, ఏమైందోనని. "ఆగావేం? అదే. అక్కడినుంచి పట్టుకో," అన్నారు వెనకనుంచి. ఆ తర్వాతి ఆదివారమూ రమ్మన్నారు. ఆ వేసవి అన్ని ఆదివారాలూ వెళ్ళాను. నా వీపు ఎలా ఉంటే ఆవిడకేం?

మొదటి ఆదివారం అయ్యాక, సోమవారం పొద్దున్నే కాగితం మీద సంతకం చేసి, దాని కింద నాలుగు పంక్తులు చేర్చి కరస్పాండెంటు గారికి ఇచ్చాను. ఈ ఏర్పాటు న్యాయం కాదనీ, పనికి తగిన వ్యక్తిని పంపివేసి సంగీతం రాని వ్యక్తిని ఉంచుతున్నారనీ, పిల్లల పాట మధ్యలో ఆగకూడదు కనుక మాత్రమే అంగీకరిస్తున్నాననీ, సంగీతం టీచరు గారు బడికి ఎప్పుడు వచ్చినా హాల్లో హార్మోనియం వెనక కుర్చీ ఆవిడదేనని రాతపూర్వకంగా ఇప్పించాలనీ.

ఆయన రెండుసార్లు చదివారు. "సంతకమైనా గొడవ లేకుండా పెట్టలేవా అమ్మాయ్?"

"పెట్టలేనండీ," అన్నాను, ఆయన కలం తీసి ఆ చివరి పంక్తి పక్కన "సరే" అని రాసేదాకా అక్కడే నిలబడి.